ఆరు నిమ్మకాయలు, ఒక మంచుయుగం

మా బుచ్చిరెడ్డిపాలెం బావ నన్ను ఎప్పుడు చూసినా ఒకటే ప్రశ్న అడుగుతాడు. "ఏం మరదలా, ఇంకా బురద కడగతానే ఉండావా?" అని. అడిగి, తన హాస్యానికి తనే పకపకా నవ్వుతాడు. పుట్టిన దగ్గర్నుంచి మోకాలి లోతు మడిలో నిలబడి, గోళ్ళ సందుల్లోంచి రేగడి ఎప్పటికీ వదలని మనిషికి నా బురద అంటే చులకన. ఆయన బురదలో వడ్లు పండుతాయట, నా బురదలో ఏం పండుతుందట! మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత ఓపిక చచ్చి, "నీ బుర్రకి ఎక్కేది కాదులే బావా" అనడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఆ మాట నేను చాలామందిని అన్నాను. కొందరిని పైకి, ఎక్కువమందిని లోపల.

చదివేవాళ్ళకి మాత్రం చెప్పక తప్పదు కాబట్టి చెబుతాను. నా బురద సముద్రం అడుగుది. మన నెల్లూరు ఒడ్డున నిలబడి తూర్పుకి చూస్తే కనిపించే అలలు కావు. వాటిని దాటి, పడవలు చేపలకి పోయే చోటు కూడా దాటి, మైళ్ళ లోతున చీకట్లో పడుకున్న బురద. అక్కడ కంటికి ఆనీ ఆననంత పురుగులు బతుకుతాయి. ఆ పురుగు తన చుట్టూ ఉన్న నీళ్ళలోంచే సరుకు తీసుకుని ఒంటి మీద సున్నపు గుల్ల కట్టుకుంటుంది. చచ్చిపోతే ఆ గుల్ల అక్కడే మట్టిలో పడుతుంది. దాని మీద ఇంకో పొర, ఆ పొర మీద ఇంకోటి. అలా వేల ఏళ్ళు.

దీనికీ మంచుకీ ఏం సంబంధం అని మా బావ అడిగాడు ఒకసారి. అడిగినందుకు ఆశ్చర్యపోయి వివరంగా చెప్పాను. నీళ్ళలో కొంచెం తేలికవీ కొంచెం బరువువీ కలిసే ఉంటాయి. ఎండకి ముందు ఆవిరయ్యేది తేలిక నీళ్ళే. ఆ ఆవిరి మబ్బై ధ్రువాల వైపు పోయి మంచై పడుతుంది. మామూలు కాలంలో ఆ మంచు కరిగి మళ్ళీ సముద్రానికే వస్తుంది. మంచుయుగంలో రాదు. నేల మీద కొండలై కూర్చుంటుంది. తేలిక నీళ్ళు అక్కడ చిక్కుకుపోతే సముద్రంలో బరువు నీళ్ళ పాలు పెరుగుతుంది, పురుగు కట్టుకునే గుల్లలోనూ ఆ బరువు తేలుతుంది. అంటే మన సముద్రం అడుగున దొరికిన ఒక గుల్లని మిషన్లో పెట్టి చూస్తే, అది బతికిన రోజుల్లో భూమికి ఆ చివర మంచు ఎంత ఉందో తెలుస్తుంది. ఆ మంచు అంతా పేరుకున్న కాలంలో మన సముద్రం ఎంతో లోపలికి తగ్గి ఉండేది, మన పెన్న ఇంకా చాలా దూరం నడిచిపోయి కలిసేది. ఇదంతా విని మా బావ ఆవులించి, "అయితే ఆ పెన్న నీళ్ళు ఇప్పుడు నా మడికి వస్తాయా?" అన్నాడు. అప్పట్నుంచి ఆయనకి చెప్పడం మానేశాను.

నెల్లూరులో నేను పనిచేసే ల్యాబుకి ఈ మట్టి పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తుంది. పరిశోధన ఓడ మీద వాళ్ళు గొట్టాన్ని సముద్రం అడుక్కి దించి గుచ్చి పైకి లాగుతారు. కింద ఉన్నది పాత మట్టి, పైన ఉన్నది కొత్త మట్టి. మేం దాన్ని దోసకాయని చీల్చినట్టు నిలువునా రెండు సగాలు చేస్తాం. ఒక సగం పనికి వాడతాం. రెండో సగాన్ని ముట్టుకోకుండా చల్లటి గదిలో దాస్తాం. దాన్ని తెరవాలంటే పెద్దసారు సంతకం కావాలి. పనిచేసే సగంలోంచి వేలెడు వేలెడు ముక్క కోసి, ఒక్కో ముక్కని ఒక్కో సీసాలో నీళ్ళు పోసి నానబెడతాం. నానిన మట్టిని జల్లెడ మీద కడిగి, మిగిలిన దాన్ని ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, నాలుగు వెంట్రుకలున్న కుంచె తడిపి గుల్లల్ని ఒక్కొక్కటిగా ఏరతాం. నా ఉద్యోగం అదే. మా అమ్మ చేటలో బియ్యంలో రాళ్ళు ఏరేది, నేను రాళ్ళలోంచి బియ్యం ఏరుతున్నాను. ఆ పనిలో నా చెయ్యి మించిన చెయ్యి ఆ ల్యాబులో లేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, గర్వపడే హక్కు నాకు అప్పట్లో ఉండేది.

పెద్దసారంటే మా ల్యాబుకి అధిపతి. ఆయన మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు. వచ్చినవాళ్ళందరినీ చల్లటి గదికి తీసుకెళ్ళి గొట్టాలు చూపించి, "లక్షల ఏళ్ళు, లక్షల ఏళ్ళు" అంటూ ఉంటాడు. ఏ గొట్టం ఏ చోటు నుంచి వచ్చిందో అడిగితే మాత్రం నా వైపు చూస్తాడు. బయటివాళ్ళు ఆయన్ని పండితుడంటారు. నేను లోపల్లోపల వేరే మాట అనుకునేదాన్ని, అది ఇక్కడ రాయను.

మా ల్యాబులో నాకు గౌరవం ఉన్న మనిషి ఒక్కతే. తోటపల్లి గూడూరు వైపు ఊరి నుంచి వచ్చిన రీసెర్చి స్కాలరు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. వాళ్ళ నాన్న రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. ఆ పిల్ల ఆరేళ్ళుగా నా పక్క స్టూలు మీదే కూర్చుని గుల్లలు ఏరింది. మిగతా స్కాలర్లు ఏరితే సగం ఇసక, సగం గుల్ల. తిట్టుకుంటూ మళ్ళీ నేను ఏరాలి. ఈ పిల్ల ఏరితే నేను తిరిగి చూసేదాన్ని కాదు. నన్ను అక్కా అనేది. అన్నం తినేటప్పుడు వాళ్ళమ్మ పెట్టిన రొయ్యపొట్టు పచ్చడి నా కంచంలో వేసేది. నేను ఎవరి గురించి ఏం వెక్కిరించినా నవ్వేది, కానీ తను ఒక్కసారి కూడా ఎవర్నీ ఒక్క మాట అనేది కాదు. అది తెలివితక్కువతనమని నా అభిప్రాయం.

ఆమెకి ఒకటే కోరిక. ఓడెక్కాలి. సముద్రం ఒడ్డున పుట్టి, ఆరేళ్ళు సముద్రం మట్టి కడిగి, ఒడ్డు కనిపించనంత దూరం ఒక్కసారి కూడా పోలేదు. ఆ ఏడాది స్కాలర్లకి ఓడ మీద ఇచ్చే ఒక్క చోటుకి ఈమె పేరు వచ్చింది. ఫిబ్రవరి మొదట్లో చెన్నై నుంచి బయల్దేరుతుంది, నెల రోజులు సముద్రం మీద. గొట్టం దించి మట్టి లాగేటప్పుడు దగ్గరుండి చూడొచ్చు. పెద్దసారు ఒక్క షరతు పెట్టాడు. "థీసిస్ డ్రాఫ్టు నా టేబుల్ మీద పెట్టి ఓడెక్కమ్మా. పెట్టకపోతే పంపించను" అన్నాడు. "పెట్టేస్తాను సార్, ఇంకో పన్నెండు సీసాలే మిగిలుండేది" అని ఆ పిల్ల ఎగిరి గంతేసినంత పని చేసింది.

ఆ పన్నెండు సీసాలే అన్నిటికన్నా ముఖ్యం. మంచు కరగడం మొదలైన కాలపు మట్టి వాటిలోనే ఉంది. పైగా మనకి కావలసిన అడుగు గుల్లలు చాలా తక్కువగా దొరుకుతాయి, ఒక్కో సీసాకి గుప్పెడు కాదు కదా, వేళ్ళ మీద లెక్కపెట్టినన్ని. దసరా సెలవుల ముందు సాయంత్రం ఆ పిల్ల ఆ సీసాల్ని నానబెట్టి, కిటికీ పక్క బల్ల మీద వరసగా పెట్టి, పైన కాగితం కప్పింది. "అక్కా, నేను ఊరికి పోతుండా. నాలుగు రోజులు రాను. సీసాలు నువ్వు చూసుకో" అంది. "పోయి రా మే, నీ సీసాల్ని ఎవురెత్తుకపోతారు" అన్నాను.

మరుసటి రోజు ఆయుధపూజ. మా పెద్దసారికి సైన్సు మీద ఎంత నమ్మకమో, ఆయుధపూజ మీద అంతకు పదింతలు. సుత్తులు, కొడవళ్ళు, లారీలు పెట్టుకుని బతికేవాళ్ళు ఆ పనిముట్లకి పూజ చేస్తారు, అందులో తప్పులేదు. మా బావ కూడా ట్రాక్టరుకి చేస్తాడు. ఈయన చేసేది చూడాలి! ఓవెనుకి బొట్టు. జల్లెడలకి బొట్టు. మైక్రోస్కోపుకి ఉన్న రెండు కళ్ళకీ రెండు బొట్లు. తర్వాత ఆ కుంకుమ తుడవలేక నేను చావాలి. ప్రతి పనిముట్టు మీదా కుంకుమ అద్దిన సగం నిమ్మచెక్క పెట్టాలి. రోజూ గూడూరు నుంచి రైల్లో వచ్చే మా అటెండరు ఆ పూట సంచీ నిండా నిమ్మకాయలు తెచ్చాడు. సన్నటి తోలు, వేలితో నొక్కితే రసం కారే కాయలు. ఆయన ఒక్కో కాయ కోస్తూ వాటి గొప్పతనం చెబుతున్నాడు, పెద్దసారు ఏవో మంత్రాలు సగం గుర్తు తెచ్చుకుని సగం మింగుతున్నాడు. నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. నా ఒళ్ళు మండిపోతోంది.

అన్నిటికీ పెట్టాక ఆరు కాయలు మిగిలాయి. అప్పుడు నేను ఊరుకోలేకపోయాను. "సీసాలేం పాపం చేసినాయి సార్? అవి కూడా రాత్రింబగళ్ళు పని చేస్తానే ఉండాయి గదా. వాటికి కూడా పెడదామా?" అన్నాను. ఎగతాళిగా అన్నాను. ఎగతాళి అని అటెండరుకి అర్థమై పక్కకి తిరిగి నవ్వాడు. పెద్దసారికి అర్థం కాలేదు. "బాగా గుర్తు చేసినావమ్మా! పెట్టు, నీ చేత్తోనే పెట్టు" అన్నాడు.

సరే, నీ సరదా నేనెందుకు కాదనాలి అనుకున్నాను. ఆరు కాయలు కోస్తే పన్నెండు చెక్కలు. కాగితం తీసేసి, పన్నెండు సీసాల మూతుల మీద పన్నెండు చెక్కలు బోర్లించాను. సీసా మూతికి సరిగ్గా సరిపోయాయి. ఒకటి రెండు జారుతుంటే బొటనవేలితో గట్టిగా అదిమాను. అదిమి, "ఇప్పుడు మంచుయుగానికి దిష్టి పోయింది సార్" అన్నాను. ఆయన తల ఊపాడు. అటెండరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు నా మాట చాలా బాగా నచ్చింది.

పూజ చేసిన పనిముట్టుని విజయదశమి దాటేదాకా ముట్టకూడదు. తర్వాత ఆదివారం వచ్చింది. నాలుగో రోజు పొద్దున నేను ల్యాబు తెరిచి, వాడిన నిమ్మచెక్కల్ని ఏరి చెత్తబుట్టలో పడేశాను. సీసాల్లో నీళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. చూశాను. కుంకుమ అనుకున్నాను, జల్లెడ మీద పోసి కడిగేశాను. సున్నపురాయి మీద ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగి కరిగిపోతుందని డిగ్రీ మొదటి ఏడు మొదటి ప్రాక్టికల్లో నేర్పుతారు. నేను ఆ ప్రాక్టికల్ని ఎంతమంది స్కాలర్లకి నేర్పానో లెక్కలేదు. గుల్ల అంటే సున్నం, నిమ్మరసం అంటే ఆమ్లం. ఆ రోజు నా తలకాయలో ఈ రెండూ పక్కపక్కన కూర్చోలేదు.

ఆ పిల్ల ఊరి నుంచి వచ్చాక ఇద్దరం ఏరడానికి కూర్చున్నాం. మొదటి సీసాలో ఏమీ లేదు. ఇసక, నల్ల రవ్వలు, అభ్రకం తళుకులు. ఒక్క గుల్ల లేదు. రెండో దాంట్లో లేదు. మూడో దాంట్లో లేదు. వారం రోజులు కళ్ళు పోయేలా చూశాను. పన్నెండింటిలోనూ సున్నా. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఏంటక్కా ఇది" అని పదిసార్లు అడిగింది. పెద్దసారికి చెప్పాం.

ఆయన మొహం చూడాలి! పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. "ఏమీ లేకపోవడమే పెద్ద సంగతమ్మా! మంచు ఒక్కసారిగా కుప్పకూలింది. అడుగు నీళ్ళు మారిపోయినాయి. గుల్లలన్నీ కరిగిపోయినాయి. ప్రపంచంలో ఎవురికీ దొరకంది మన మట్టిలో దొరికింది!" అన్నాడు. ఆ సాయంత్రానికే దానికి ఒక పేరు కూడా పెట్టాడు, అందులో నెల్లూరు అనే మాట వచ్చేలా. వారం తిరక్కుండా, డిసెంబరు ఆఖర్లో సెమినారు పెట్టి, ఇతర ఊళ్ళ నుంచి పెద్దల్ని పిలిచి, ఆ పిల్ల చేత ఇది చదివిస్తానన్నాడు. గుల్లలు కరిగాయన్నది మాత్రం ఆయన సరిగ్గానే చెప్పాడు. జన్మలో ఆయన సరిగ్గా చెప్పిన ఒకే ఒక్క సంగతి అదేననుకుంటాను.

నేను ఆయన వెనకాల ఎంత వెక్కిరించానో చెప్పలేను. గుల్లలు దొరక్కపోతే ఎందుకు దొరకలేదో చూడాలి గానీ, దొరకలేదని పండగ చేసుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని అటెండరుతో అన్నాను. ఆ పిల్ల మాత్రం వెక్కిరించలేదు. ఒక రోజు అన్నం తింటూ, "అక్కా, నీళ్ళు మారి గుల్ల కరిగితే కొంచెం కొంచెంగా తగ్గాల గదా. ముందే ఏరిన పక్క ముక్కలో గుల్లలుండి, ఈ పన్నెండిట్లో మొదటి దాంట్లోనే సున్నా ఎట్టా అయితాది? అటు చివర కూడా అంతే. కత్తితో కోసినట్టుండాది" అంది.

"సారు చెప్పినాడు గదా" అన్నాను. చెయ్యి కడుక్కోవడానికి లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాను. పన్నెండు సీసాలు. వరసగా. కిటికీ పక్క బల్ల మీద. నీళ్ళు చేతి మీద పడుతూనే ఉన్నాయి. ఆరు కాయలు, పన్నెండు చెక్కలు. నిమ్మకాయలు మొదలైన చోట ఆ మహా సంఘటన మొదలైంది, నిమ్మకాయలు అయిపోయిన చోట అయిపోయింది. అయిదు కాయలే మిగిలి ఉంటే సారుగారి మంచు రెండు సీసాల ముందే కూలడం ఆపేసి ఉండేది. నాకు నవ్వు రావాలి. రాలేదు. కుళాయి కట్టేశాను.

ఆ క్షణమే తిరిగి వెళ్ళి చెప్పి ఉండాలి. అప్పటికి నవంబరు సగం. దాచిన సగం తెరిపించి, ఆ పన్నెండు ముక్కలు మళ్ళీ కోసి, నానబెట్టి, ఏరి, గుల్లల్ని మిషనున్న ఊరికి పంపి, ఫలితాలు తెప్పించి రాసుకోవడానికి రెండు నెలలు పైగా ఉంది. ఓడకి అందేది. ఇదంతా నాకు ఆ కుళాయి దగ్గరే తెలుసు. చెప్పలేదు.

ఉద్యోగం పోతుందని భయమా అంటే కాదు. నా అంత చవగ్గా ఇంకొకరు దొరకరని సారికి తెలుసు. ఎవరేమన్నా అంటారని కూడా కాదు. అసలు భయం వేరు. అందరినీ వెక్కిరించేది నేను. అటెండరు చదువుని, సారు తెలివిని, మా బావ ఆవులింతని, స్కాలర్ల చేతుల్ని. అలాంటి నేను, ఆమ్లం సున్నాన్ని తింటుందన్న సంగతి మర్చిపోయి, నా ఎగతాళికి నేనే మురిసిపోతూ, నా చేత్తో అదిమి మరీ రసం పిండానని నలుగురికీ తెలిస్తే? నవ్వుతారు. నవ్వితే తట్టుకోలేను. ఇంత చిన్న సంగతి. సిగ్గులేకుండా రాస్తున్నాను, ఇంత చిన్న సంగతికే అయిదు వారాలు నోరు మూసుకున్నాను.

ఆ అయిదు వారాల్లో ఆ పిల్ల ఎదురుగా ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. ఆమె ఓడలో వేసుకోవడానికి బూట్లు కొనుక్కుని నాకు తెచ్చి చూపించింది. వాళ్ళ నాన్న నవ్వాడట, "మనం పడవ మీద బూట్లేసుకుని ఎప్పుడు పోయినాం మే" అని. నేనూ నవ్వాను.

సెమినారు ముందురోజు మధ్యాహ్నం ఆ పిల్ల తన కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఈ ముక్క చదవాలంటే నోరు రావడం లేదక్కా. నాకు నమ్మకం కుదరలా. కానీ సీసాలు ఏరింది నువ్వు గదా. నీ చెయ్యి తప్పదు. నువ్వు లేవన్నావంటే లేనట్టే. సారు మాట కాదు, నీ చెయ్యి చూసి చదవతాండా" అంది.

అప్పుడు చెప్పాను. నిలబడి, అంతా చెప్పాను. పూజ, ఆరు కాయలు, నా ఎగతాళి, బొటనవేలితో అదమడం, ఎర్ర నీళ్ళు. అంతా అయ్యాక ఆ పిల్ల, "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"నెల దాటింది. నువ్వు కత్తితో కోసినట్టుండాదని అన్నావు చూడు, ఆ రోజు."

తిడుతుందని చూశాను. తిట్టలేదు. కాగితాలు సర్దుకుని తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

సారు విన్నాడు. మొదట నమ్మలేదు. తర్వాత ఆయనకి కోపం వచ్చింది, దేని మీదనుకున్నారు? నా మీద కాదు, తన మీద అసలే కాదు. "పూజలో పెట్టిన నిమ్మకాయని తప్పు పడతావా? దాని వల్ల మంచి జరగతాది గానీ చెడు జరగతాదా?" అన్నాడు. సైన్సు చదివిన మనిషి, తల నెరిసిన మనిషి! తర్వాత గొంతు తగ్గించి, "ఇది ఈ గది దాటనియ్యబాకమ్మా. రేపు పెద్దవాళ్ళు వస్తుండారు. పాపా, నువ్వు ఇది చదివెయ్. డ్రాఫ్టు అయిపోయిందనే అనుకుంటాను. హాయిగా ఓడెక్కు. తర్వాత ఎప్పుడన్నా చూసుకుందాం" అన్నాడు.

ఓడ ఆమె ముందు పెట్టాడు. చెయ్యి చాపితే చాలు. నేను ఆమె పక్కన నిలబడి ఏం కోరుకున్నానో చెబుతాను, దాచడమెందుకు. ఒప్పుకుంటే బాగుండునని కోరుకున్నాను. ఒప్పుకుంటే ఆమె ఓడెక్కుతుంది, నా తప్పు సగం మాసిపోతుంది.

"అది మంచు కాదు సార్, నిమ్మకాయ" అంది ఆ పిల్ల. "నేను చదవను. దాచిన సగం తెరవడానికి సంతకం పెట్టండి."

ఆయన గొణిగాడు, బెదిరించాడు, ఓడ గుర్తు చేశాడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రం ల్యాబు మూసే వేళకి సంతకం పెట్టాడు. పిలిచిన పెద్దలకి ఆరోగ్యం బాగాలేదని కబురు పంపాడు. ఎవరి ఆరోగ్యమో ఎవరూ అడగలేదు.

దాచిన సగాన్ని తెరిచేసరికి కొత్త సంవత్సరం వచ్చేసింది. ఆ పిల్ల తనే కోసింది, తనే నానబెట్టింది. రెండో రోజు నేను కుంచె తీసుకుని పక్క స్టూలు మీద కూర్చుంటే, "వద్దు మేడం, నేనే ఏరుకుంటా" అంది. గొంతులో కోపం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా అంది. నేను కుంచె కడిగి పెట్టేసి లేచాను. నేను కూడా ఏరితే పది రోజులు మిగిలేవి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పన్నెండు సీసాలకీ ఒక్కతే కూర్చుంది. అన్నం కూడా వేరే బల్ల దగ్గర తిన్నది.

ఓడ ఫిబ్రవరి మొదట్లో వెళ్ళిపోయింది. ఆమె చోటులో వేరే ల్యాబు నుంచి ఒక కుర్రాడు వెళ్ళాడు. అతనికి మైక్రోస్కోపు ఏ వైపు నుంచి చూడాలో తెలుసో లేదో నాకు అనుమానమే, కానీ అతన్ని వెక్కిరించబోయి ఆగిపోయాను. ఆ రోజు ఈ పిల్ల మామూలు వేళకే వచ్చి, మామూలుగా పని చేసుకుని పోయింది.

మార్చిలో ఫలితాలు వచ్చాయి. ప్రతి సీసాలోనూ గుల్లలున్నాయి. వాటి బరువులు గీత గీస్తే ఎక్కడా తెగలేదు, ఎక్కడా దూకలేదు. మంచు కుప్పకూలలేదు. మడిలో నీళ్ళు ఇంకినట్టు, నెమ్మదిగా, వేల ఏళ్ళు తీసుకుని కరిగింది. పెద్దసారు ఆ గీత చూసి, "ఇందులో విశేషమేం లేదే" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ప్రపంచంలో అందరూ గీసినట్టే ఉన్న ఆ గీతని చూస్తే నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. నిజమైన పని అలాగే ఉంటుంది, చూసినవాడికి విశేషమేం కనిపించదు.

థీసిస్ అచ్చుకి పోయే ముందు తప్పులు చూడమని ఆమె నాకే ఇచ్చింది. అంతకు ముందు ఒప్పుకున్న పని కాబట్టి ఇచ్చిందేమో. ఆ అధ్యాయంలో ఒకచోట, ఈ భాగపు నమూనాలు ప్రయోగశాలలో పాడైనందువల్ల దాచిన సగం నుంచి మళ్ళీ తీయడం జరిగింది, అని ఉంది. అంతే. నిమ్మకాయ లేదు, పూజ లేదు, నేను లేను. ఆ వాక్యాన్ని చాలాసార్లు చదివాను. నా గురించి నాలుగు పంక్తులు దులిపి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"ఎవురు పాడుచేసినారో రాయలేదేం?" అని అడిగాను.

"చదివేవాళ్ళకి అది ఎందుకు మేడం? మట్టి సంగతి తెలిస్తే చాలు గదా" అంది.

నాకు ఏదో ఒక మంచిమాట అనాలనిపించింది. నోటికి వచ్చింది ఒకటే. "వచ్చే ఏడాది మళ్ళీ ఓడ పోతాది గదా. అప్పుడు..."

"పోతాది మేడం, ఏడాదేడాదీ పోతాది" అంది కాగితాలు అందుకుంటూ. "స్కాలర్లకే చోటిస్తారు. రేపు ఇది ఇచ్చేస్తే నేనింక స్కాలర్ని కాదు."

కాగితాలు సంచీలో పెట్టుకుని, బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.